హిమ మార్గరీటా సూత్రం: టీక, తాత్పర్యం, కొంచెం కోపం

మూలం: నిమ్మరసమును, చక్కెర పాకమును, టెకీలాను, ఐసు ముక్కలను మిక్సీ జారునందు వేసి రుబ్బి, ఉప్పంచు గల గ్లాసున పోసి, అతిథికి ఇచ్చునది.

అవతారిక. సంక్రాంతికి డాలస్ నుంచి గుడివాడలో దిగే బావగార్లకు ఈ సూత్రం కంఠస్థం. డాబా మీదికి మిక్సీ తెప్పించి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, ముందు ఉప్పు తగలాలనీ ఆ తర్వాతే పులుపు పలకాలనీ గ్లాసును దీపానికెత్తి ఉపన్యసించడం వారి ఆచారం. వ్యాఖ్యానమే తాగవలసి వచ్చినప్పుడు అది కాస్త నాణ్యమైనదై ఉండాలి కదా అని ఈ ప్రయత్నం. మార్గరీటా అనే ఆవిడ ఎవరన్నది విడిచిపెడుతున్నాం. ఆ పానీయం మాదంటే మాదని మెక్సికో సరిహద్దుకు ఇటూ అటూ పలువురు చెప్పుకున్నారు. కర్తృత్వ వివాదంతో దాహం తీరదు. నిమ్మరసం, చక్కెర పాకం సుగమం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. మేం పట్టలేదు.

‘ఐసు ముక్కలను రుబ్బి’ అన్న చోటే సూత్రకారుడు తప్పటడుగు వేశాడు, బావగార్లు దాన్నే శిరోధార్యం చేసుకున్నారు. మిక్సీ ఐసును పగలగొట్టగలదు గాని దేన్నీ గడ్డకట్టించలేదు. పైగా బ్లేడు రాపిడికి పుట్టే వేడి ఐసును కరిగిస్తుంది. అందుకే మొదటి గుక్క పలుగురాళ్లు, చివరి గుక్క చప్పిడి నీళ్లు. ఈ దోషాన్ని గుర్తించింది వారి డాలస్ నగరమే. అక్కడ మారియానో మార్టినెజ్ అనే హోటలు యజమాని, బ్లెండర్లతో చేస్తే ఒక్కో గ్లాసు ఒక్కో తీరుగా వస్తోందని వేసారి, 1971లో సాఫ్ట్ ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి మార్గరీటా యంత్రం చేశాడు. ఆ ఊహ సెవెన్ ఇలెవెన్ దుకాణంలోని స్లష్ యంత్రాన్ని చూస్తే పుట్టిందట. ఆ దుకాణాల వంశం కూడా డాలస్‌లో 1927 నాటి ఐసు కంపెనీదే, దిమ్మలమ్మే చోట పాలూ బ్రెడ్డూ పెట్టి ఎదిగింది. మార్టినెజ్ యంత్రం 2005లో స్మిత్‌సోనియన్ మ్యూజియం చేరింది. ఏ ఊరివాడు మిక్సీని త్యజించి చరిత్రకెక్కాడో ఆ ఊరి నుంచే మిక్సీ మహాత్మ్యం మోసుకొస్తున్నారని భావం.

ఇక ‘ఉప్పు’. ఇది మహాపదం, తొందరపడకూడదు. ఉప్పు స్థానం గ్లాసు అంచని సూత్రం. గ్లాసు బయటనని మా సిద్ధాంతం. ఐసులో ఉప్పు కలిస్తే ఆ మిశ్రమం సున్నాకు దిగువన ఇరవై ఒక్క డిగ్రీల దాకా దిగగలదు. కుల్ఫీ బండివాడి కుండలో జరిగేది అదే: మూతపెట్టిన గొట్టంలో పాలు, చుట్టూ ఐసు, ఐసులో కల్లుప్పు. బందరు గిలకలదిండి రేవులో చేపల కోసం కొనే దిమ్మల వెనకా ఉన్నది ఉప్పే. ఐసు ఫ్యాక్టరీలో మంచినీళ్లు పోసిన డబ్బాలను ఉప్పునీటి తొట్టిలో దించుతారు. అమ్మోనియా ఆ ఉప్పునీటి వేడిని లాగేస్తుంది. సున్నా దాటి దిగినా ఉప్పునీరు గడ్డకట్టదు, అందులో మునిగిన మంచినీరు కడుతుంది. కనుక స్టీలు గిన్నెలో నిమ్మరసం, పాకం పోసి, ఉప్పు చల్లిన ఐసులో కూర్చోబెట్టి, గరిటెతో అంచులు గీకుతూ కలపండి. మార్టినెజ్ యంత్రం చేసే పనీ ఇంతే, గరిటె బదులు మోటారు.

ఉప్పంచు చేదును అణచి తీపిని లేపుతుంది కదా అని ఒక ఆక్షేపణ. టెకీలా ఉన్నచోట ఒప్పుకుంటాం. కానీ దివిసీమలో కోడూరు, నాగాయలంక వైపు ఎన్నో చోట్ల బోరు వేస్తే పడేదే ఉప్పునీరు. పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చిన కాలవ నీళ్లు చెరువుల్లో నిలవుంచుకుని ఎండాకాలం గడుపుకోవాలి. తాగే నీళ్లలో ఉప్పు పోతే చాలుననుకునే మనిషికి, ఉప్పును గ్లాసుకు అంటించి అది సంస్కారమని చెప్పడం ఏం మర్యాద?

‘టెకీలాను’. లభ్యమైనచో అని అధ్యాహారం. గుడివాడ పక్కన నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో అది సడలింది; సీసా వచ్చినా రాకున్నా ఉపన్యాసం మాత్రం సాగుతూనే ఉంది. టెకీలా లేకపోతే అది మార్గరీటా ఎలా అవుతుందని మరో ఆక్షేపణ. పేరు మాటెలా ఉన్నా పదార్థం మారుతుందన్నది నిజం. చక్కెరలాగే మద్యం కూడా నీటిని రాయిలా గట్టిపడనివ్వదు. దాన్ని తీసేసి పాకం పెంచకపోతే ఫ్రీజరులో ఇటుక తయారవుతుంది. ‘వర్జిన్ మార్గరీటా’ అని ఫంక్షన్ హాళ్లలో పోసేవాళ్లకు ఈ సంగతి పట్టదు. వాళ్లకు రంగుంటే చాలు.

ఆ రంగు దగ్గర ఓపిక నశిస్తుంది. చేపల మీద వేసే ఐసు, చెరకు రసంలో వేసే ఐసు పక్కపక్కన పెడితే కంటికి ఒకటే. అందుకే తినకూడని ఐసుకు నీలం రంగు కలపాలని 2018లో మహారాష్ట్రలో నిబంధన పెట్టారు. నీలం అంటే నోట పెట్టొద్దని గుర్తు. మన పెళ్లిళ్ల స్వాగత పానీయమేమో కావాలనే నీలం! ఆ సిరప్ సీసాల మీద తరచు కనిపించే బ్రిలియంట్ బ్లూ, తినకూడని ఐసుకు వాడదగిన రంగుల్లో ఒకటి. ఐసు ఏ నీళ్లతో చేశారని అడిగితే క్యాటరింగ్ కుర్రాడు గొడుగు గుచ్చిన గ్లాసు ఇంకోటి అందిస్తాడు. గొడుగుకు టీక లేదు.

‘అతిథికి ఇచ్చునది’. రుబ్బిన వెంటనే అని తాత్పర్యం. మధ్యలో ఉపన్యాసానికి సూత్రంలో చోటు లేదు.