తాళంచెవి అనుమానాలు

ఆధునిక కారు తాళంచెవి, అనగా వాడుకలో రిమోట్ అనీ స్మార్ట్ కీ అనీ పిలిచే నల్లని ప్లాస్టిక్ బిళ్ల, లోకంలో ఎవరినీ నమ్మరాదన్న సూత్రంపై నిర్మితమైన పరికరం. దానిని జేబులో వేసుకుని తిరిగే యజమాని మాత్రం వాలే పార్కింగు కుర్రవాడిని, సెల్లార్ వాచ్‌మన్‌ను, తెల్లవారుజామున కారు కడిగే మనిషిని నమ్మి, ఆ పరికరాన్ని ఒక్కదానినే నమ్మకుండా జీవిస్తుంటాడు. ఈ ఉభయుల కాపురం పరిశీలనార్హం.

దూరం నుంచి తలుపుల తాళం తీసే సదుపాయం 1982లో ఫ్రాన్సులో రెనో ఫ్యూగో కారుతో ప్రచారంలోకి వచ్చింది. పాల్ లిప్‌షుట్జ్ రూపొందించిన ఆ రిమోట్ పరారుణ కిరణాలతో పనిచేసేది. నేడు భారతదేశంలో నడిచే కార్ల రిమోట్లు చాలావరకు 433.92 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలపై మాట్లాడతాయి. తరంగాన్ని గాలిలో ఎవరైనా పట్టి దాచుకోగలరు కనుక, నొక్కిన ప్రతిసారీ సంకేతం మారిపోయే రోలింగ్ కోడ్ అనే పద్ధతి పుట్టింది. ఈ పద్ధతిలో తాళంచెవిలోనూ కారులోనూ ఒకే లెక్క సమాంతరంగా నడుస్తుంది. ఒకసారి చెల్లిన సంకేతం మళ్లీ చెల్లదు. కారుకు వినబడనంత దూరంలో బటన్ నొక్కితే తాళంచెవి లెక్క ముందుకు పోతుంది, కారు లెక్క ఉన్నచోటే ఉంటుంది. అందుచేత కారు ఒక హద్దు వరకు ముందున్న సంకేతాలను కూడా పెద్దమనసుతో ఒప్పుకుని, ఆ హద్దు దాటిన పిమ్మట సొంత తాళంచెవినే ఎవరో పరాయిదనుకుని ఊరుకుంటుంది. పసిబిడ్డ ఏడుపు మాన్పడానికి రిమోట్‌ను చేతికిచ్చే ఇళ్లలో ఈ పెద్దమనసుకు నిత్యం పరీక్షే. లోపలి బిళ్ల బ్యాటరీని బిడ్డ మింగితే గొంతు కాలిపోయే ప్రమాదం ఉన్నదన్న సంగతి ఆ ఇళ్లలో ఎవరికీ గుర్తుండదు. రిమోట్ ఖరీదు మాత్రం అందరికీ గుర్తుంటుంది.

ఇంతటి గణితం తన పక్షాన పనిచేస్తున్నా యజమాని ఆచరించే లాకింగు విధి వేరు. దిగగానే ఒకసారి నొక్కుతాడు. కారు కీక్‌మని అరిచి లైట్లు ఆర్పి వెలిగిస్తుంది. నాలుగడుగులు వేశాక, ఆ అరుపు తన కారుదా పక్క కారుదా అన్న శంక పుట్టి, వెనక్కి తిరగకుండానే చేయి భుజం మీదుగా చాపి రెండోసారి నొక్కుతాడు. లిఫ్టు ఎక్కే ముందు నొక్కే మూడోది కారును చేరదు, చేరనవసరమూ లేదు; అది మనశ్శాంతి కోసం చేసేది, దాని ఫలితంగా పైన చెప్పిన లెక్క మరొక అంకె ముందుకు జరుగుతుంది.

అసలు చిక్కు జేబులోంచి తీయనవసరమే లేని తాళంచెవులతో వచ్చింది. ఈ ఏర్పాటులో తలుపు పిడిపై చేయి పడగానే కారు సుమారు 125 కిలోహెర్ట్జ్ వద్ద ఒక బలహీనమైన పిలుపు పంపుతుంది. అది కొద్ది అడుగుల దూరమే పోగలదు గనుక, జేబులో నిద్రపోతున్న తాళంచెవి ఆ పిలుపు విని మేల్కొని బదులిస్తే యజమాని పక్కనే ఉన్నాడని కారు తీర్మానించి తలుపు తెరుస్తుంది. ఇప్పుడు కారు లాక్ చేసిన యజమాని పూర్వాచారం ప్రకారం పిడి లాగి చూడబోతాడు. పిడికి స్పర్శను గుర్తించే ఏర్పాటున్న కార్లలో లాగగానే తలుపు తెరుచుకుంటుంది. లాక్ పడలేదనుకుని మళ్లీ లాక్ చేస్తాడు, మళ్లీ లాగుతాడు, మళ్లీ తెరుచుకుంటుంది. తాళం పడిందో లేదో చూడటానికి వచ్చిన చేయే తాళం తీస్తున్నదన్న సత్యం ఎరిగిన వారు, భార్య చేతికి తాళంచెవి ఇచ్చి, ఆమెను పార్కింగులో దూరంగా ఒక స్తంభం దగ్గర నిలబెట్టి, "అక్కడే ఉండు, ఇటు రాకు" అని ఆజ్ఞాపించి, ఒంటరిగా కారు దగ్గరకు వచ్చి పిడి లాగి, తెరుచుకోకపోవడం చూసి తృప్తిగా తల ఊపుతారు. చూసేవారికి అది దాంపత్య కలహంలా కనిపించవచ్చు గాని నిజానికి అది ప్రయోగశాల పద్ధతి.

తక్కిన బటన్ల సంగతి కొంత క్లుప్తంగా చెప్పవచ్చు. చాలా కార్లలో అన్‌లాక్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే అద్దాలన్నీ దిగుతాయి. రోహిణీ కార్తె ఎండలో నిలిచిన కారులోని వేడి గాలి మనం ఎక్కకముందే బయటకు పోవడానికి ఇది నిజంగా గొప్ప సదుపాయం. కానీ ఈ సంగతి తెలిసి వాడే యజమానులు అరుదు, తెలియకుండా వాడేవారే ఎక్కువ. బిగుతైన ప్యాంటు జేబులో పర్సుకూ తొడకూ మధ్య నలిగిన తాళంచెవి, యజమాని ఫంక్షన్ హాల్లో బంతిలో కూర్చుని గోంగూర కలుపుకుంటున్న వేళ బయట కారు నాలుగు అద్దాలనూ వానకు అప్పగిస్తుంది.

కొత్త కారు పూజ మరొక ఘట్టం. విజయవాడ కనకదుర్గ గుడి దగ్గరైనా, జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి దగ్గరైనా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది కారుకు, పసుపు కుంకుమలు పెట్టేది మాత్రం తాళంచెవికి కూడా. ఇత్తడి తాళంచెవుల కాలంలో ఏర్పడిన ఈ ఆచారాన్ని సర్క్యూట్ బోర్డు ఊహించలేదు. కొబ్బరినీళ్లలో తడిసిన కుంకుమ లాక్ బటన్ చుట్టూ ఉన్న సన్నని గాడిలోకి దిగి, ఎండి, గట్టిపడి, కొన్ని నెలలకు ఆ బటన్‌ను శాశ్వతంగా నొక్కుడుపడిన స్థితిలో నిలుపుతుంది. సర్వీస్ సెంటర్ వారు బిల్లులో దీనిని తేమ వల్ల కలిగిన నష్టమని రాస్తారు గాని ప్రసాదమని రాయరు.

దొంగలు మాత్రం ఈ పరికరాన్ని యజమానులకంటే శ్రద్ధగా అధ్యయనం చేశారు. వీరిలో ఒకడు యంత్రంతో ఇంటి గోడ దగ్గర, రెండోవాడు మరో యంత్రంతో కారు దగ్గర నిలబడి, కారు పిలుపును లోపలి తాళంచెవికీ దాని జవాబును కారుకూ చేరవేస్తారు. దీనిని రిలే దొంగతనం అంటారు. ఇందులో సంకేతాన్ని ఛేదించే పని లేదు, మధ్యవర్తిత్వమే. తాళంచెవిని మూత బిగుతుగా పట్టే లోహపు డబ్బాలో పెడితే తరంగాలు చాలావరకు ఆగిపోతాయి కనుక, లక్షలు పోసి కొన్న విద్య చివరికి వంటింటి స్టీలు డబ్బాను ఆశ్రయించింది.

ఇక బ్యాటరీ. అధిక భాగం రిమోట్లలో ఉండే సీఆర్2032 బిళ్ల 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం గలది. ఆ కొలతలు దాని పేరులోనే ఉన్నా, కిరాణా కొట్టుకు వెళ్లిన యజమాని "గుండ్రంగా ఉంటుంది" అనే అడుగుతాడు. అది చచ్చిన రోజుకని రిమోట్ పొట్టలోనే ఒక సన్నని లోహపు తాళంచెవిని దాచి ఉంచుతారు, దానికి తగిన రంధ్రాన్ని చాలా కార్లలో పిడి చివరి మూత కింద దాచి ఉంచుతారు, ఈ రెండూ ఎక్కడున్నాయో చెప్పే పుస్తకాన్ని లాక్ అయిన కారు డాష్‌బోర్డు అరలో ఉంచుతారు. వీటన్నిటినీ దాటి తలుపు తెరిచినవానిని కొన్ని కార్లు దొంగగానే నిర్ధారించి హారన్ మోగించి వీధిని లేపుతాయి. చచ్చిన రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకుంటే లోపలి చిప్‌ను చదివి శాంతిస్తాయని ఆ పుస్తకంలోనే మరో పేజీలో ఉంటుంది, యజమాని దానిని వెతుకుతుండగా రెండో అంతస్తు బాల్కనీలోంచి ఎవరో ఆ కారు ఎవరిదని అడుగుతుంటారు.