పది పాయింట్ల కొండ

ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం వస్తే పూర్వం మన బరంపురంలో ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు బార్లకి పూనకం వస్తోంది. ఆ క్విజ్ రాత్రి గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, అందరి స్టేటస్‌లలోనూ చూసే ఉంటారు. ఒక చేతిలో బీరు, రెండో చేతిలో బజరు. సగం ప్రశ్నలు ప్రపంచ ఆదివాసుల స్వస్థలాల మీద, సగం డార్ట్స్, పూల్, స్నూకర్ల మీద. ఈ రెంటినీ ఒకే కంచంలో వడ్డించాలన్న ఊహ ఏ మహానుభావుడిదో గానీ, బరంపురం అప్పడాన్ని ఐస్‌క్రీములో నంజుకున్నట్టుంది.

నేనూ వెళ్ళాను. తప్పు ఒప్పుకుంటున్నాను. "మావయ్యా, టీములో ఒకడు తగ్గాడు, నీకు పాత సంగతులన్నీ తెలుసు కదా" అన్నాడు మా మేనల్లుడు. నువ్వు ముసలాడివయ్యావని ఇంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

మొదటి రౌండు దూరపు కొండలు. సామీల నేల పేరేమిటి? సాప్మి. ఇన్యూట్‌ల కోసం కెనడా 1999లో ఏర్పాటుచేసిన ప్రాంతం? నునావుట్. పక్కబల్ల గుంటలు నాలుక మడతపడకుండా చెప్పేశారు. ఉలురు కొండని అనంగు జనానికి ఆస్ట్రేలియా తిరిగి ఇచ్చింది 1985లో అని ఒకమ్మాయి చెబితే చప్పట్లు మోగాయి. ఇచ్చిన చేత్తోనే 99 ఏళ్ళ కౌలుకి మళ్ళీ పుచ్చుకున్నారన్నది మాత్రం ఎవరూ అడగలేదు. దానికి పాయింట్లు లేవు.

రెండో రౌండు దగ్గర కొండలు. లాంజియా సవరలు ఎక్కడుంటారు? ఝార్ఖండ్ అన్నాడొకడు. ఛత్తీస్‌గఢ్ అన్నాడింకొకడు. నాయనా, వాళ్ళుండే గజపతి జిల్లా 1992 అక్టోబరు 2 దాకా మన గంజాంలో ముక్కే! ముప్ఫయ్యయిదేళ్ళు దాటిన బరంపురం వాడెవడైనా వాళ్ళతో ఒకే జిల్లాలో పుట్టినవాడే. తప్తపానిలో వేణ్ణీళ్ళు చల్లుకుని, చంద్రగిరి మఠం ముందు సెల్ఫీ దిగి సాయంత్రానికి ఇల్లు చేరతారు కదా, ఆ దారి పొడుగునా కనిపించినవాళ్ళు ఎవరనుకున్నారు? 1963లో అక్కడికొచ్చి స్థిరపడ్డ టిబెట్టు కాందిశీకుల ఊరుని మినీ టిబెట్ అని చంటిపిల్లాడు కూడా గుర్తుపడతాడు. ఆ మినీ టిబెట్టు ఎవరి కొండల్లో ఉందంటే మాత్రం ఝార్ఖండ్!

సరే, తెలీకపోవడం నేరం కాదు. నా ఒళ్ళు మండింది టై బ్రేకర్‌తో.

రెండు టీములకి పాయింట్లు సమానమైతే చెరో మూడు డార్ట్‌లు విసరాలి. ఎవరికి ఎక్కువొస్తే ఆ ప్రశ్న వాళ్ళది. ఆ ప్రశ్న ఏమిటో తెలుసా? డొంగ్రియా కోదుల స్వస్థలం. అంటే నియమగిరి ఎవరి ఖాతాలో పడాలన్నది సూది ముల్లు తేలుస్తుంది. కొండ విలువ పది పాయింట్లు.

ఆ డార్ట్ బోర్డు దగ్గర జరిగిన పూజ చూడాలి మీరు. మేనేజరు జేబులోంచి కొలత టేపు తీశాడు. నిలబడే గీత నుంచి బోర్డుకి 7 అడుగుల 9 పావు అంగుళాలు ఉండాలట. నేల మీద అంటించిన తెల్ల టేపు ఒక వేలెడు ముందుకొచ్చిందని ఒకడు గోల పెట్టాడు. పీకి మళ్ళీ అంటించారు. నడిబొడ్డు ఎత్తు నేల నుంచి 5 అడుగుల 8 అంగుళాలు ఉందో లేదో ఇంకొకడు బల్లెక్కి చూశాడు. పావు అంగుళం దగ్గర రాజీ లేదు. ఆటంటే ఆటే, న్యాయం న్యాయమే.

ఆ గీత చూస్తూ ఉంటే నాకు ఇంకో గీత గుర్తొచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాకీ మద్రాసుకీ మధ్య పడింది అది. పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేసింది. సవర కొండల్లో ఇటు కొన్ని ఒరిస్సాకి, అటు కొన్ని మద్రాసుకి. కమిటీలు కూర్చున్నాయి, మహజర్లు వెళ్ళాయి, తెలుగువాళ్ళం మేం ఏడ్చాం, ఒడియావాళ్ళు పండగ చేసుకున్నారు. మా తాతల కాలం నుంచి మా ఇంట్లో ఆ ఏడుపు ఆవకాయ జాడీలా ఏటేటా నిండుతూనే ఉంది. అన్నదమ్ముల్ని గీతకి అటొకణ్ణి ఇటొకణ్ణి నిలబెట్టేముందు ఒక్క సవరనైనా పిలిచి అడిగారా? అక్కడ ఎవరూ టేపు తియ్యలేదు. పావు అంగుళం కాదు, కొండలకి కొండలే పోయాయి. అదే బార్లో అయితే వేలెడు తేడాకి కాలర్లు పట్టుకుంటారు.

బోర్డు మీద అంకెల వరుసలోనూ ఒక కొంటెతనం ఉంది. 20కి ఒక పక్క 1, రెండో పక్క 5. గురి వెంట్రుకవాసి తప్పితే పాతాళం. మా మేనల్లుడికి 1 తగిలింది. నియమగిరి పక్కబల్లకి పోయింది. వాళ్ళు గ్లాసులు తాకించుకున్నారు.

ఇప్పుడు వ్యంగ్యం పక్కన పెడతాను, నాకు కోపం వస్తోంది.

నియమగిరి ఎవరిదన్నది డార్ట్‌తో తేల్చక్కర్లేదు, 2013లోనే తేలింది. బాక్సైటు తవ్వాలా వద్దా గ్రామసభల్నే అడగండి అని ఆ ఏడు ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు ఊళ్ళలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. అక్షరం రాని ముసలమ్మలు జిల్లా జడ్జి ఎదుట లేచి నిలబడి, ఇది మా దేవుడు నియమ్ రాజు కొండ అన్నారు. మన క్విజ్‌లో ఆ పన్నెండు ఊళ్ళు లేవు. ఉన్నదల్లా "నిజమైన అవతార్ తెగ ఏది?" అన్న ప్రశ్న. నీలం రంగు పూసిన హాలీవుడ్ బొమ్మ అసలు, కొండమీద మనిషి నకలు!

ఆ కొండమీద మనిషి ఊళ్ళోకొస్తే ఏమవుతుందో, మందుల దుకాణం దగ్గర నేను చూసినది చెప్తాను. ఒక సవర తల్లి చంకన పిల్లాణ్ణి ఎత్తుకుని చీటీ పట్టుకు నిలబడింది. దుకాణం అబ్బాయి ఒడియాలో చెప్పాడు. ఆమెకి అర్థం కాలేదు. ఇంకా గట్టిగా చెప్పాడు. అరిస్తే అర్థమవుతుందన్న నమ్మకం మనవాళ్ళకి ఎక్కణ్ణుంచి వచ్చిందో! చివరికి సీసా మీద పెన్నుతో మూడు గీతలు గీసి, వేళ్ళతో పొద్దూ మధ్యాన్నం రాత్రీ చూపించాడు. ఆమె తలూపింది. అర్థమై ఊపిందో, వెళ్ళిపోవడానికి ఊపిందో! వెనక నేనున్నాను. మూడు తరాల గంజాం వాణ్ణి. సవర భాషలో నీళ్ళని ఏమంటారో నాకు తెలీదు. సాప్మి తెలుసు.

ఇదే నేల మీద ఒకాయనకి తెలిసింది. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, క్వినైను మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఒక భాష వినడానికి వెళ్ళి వినికిడి పోగొట్టుకున్న మనిషి! ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవమని దండలు వేస్తాం. ఆగస్టు 9న బజర్లు నొక్కుతాం. మధ్య ఇరవై రోజుల్లో ఆ రెంటికీ సంబంధముందని ఒక్కడికీ తట్టదు. కోదుల కూయి భాష మన తెలుగుకి అక్కో చెల్లో అవుతుందని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి లెక్క. చుట్టాల ఇంటిపేరు తెలీదు మనకి, క్విజ్‌లో గెలవాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇప్పపువ్వు కాక్‌టెయిల్ అమ్మారు. అదే సరుకు కొండమీద ఇంట్లో కాస్తే కుండ పగలగొడతారు. కోదుల పాత మెరియా నరబలి మీద ప్రశ్న వచ్చినప్పుడు డప్పుల మోత వినిపించారు, ఘుమ్‌సరులో దొరల సేనని ఎదిరించిన దొరా బిసోయి పేరు మాత్రం వినిపించలేదు. ఆ సేనతో వచ్చిన రసెల్ పేరు మీద మనం రసెల్‌కొండ అన్న ఊరే ఇప్పటి భంజనగర్: కొండ కోదులది, పేరు దొరది, తోక తెలుగుది. ఇక బార్లో మరుగుదొడ్ల తలుపులు. ఇంటికి పెద్దల్నీ దేవుళ్ళనీ పిలవడానికి సవరలు గోడ మీద వేసుకునే ఇడితాల్ బొమ్మల్లోంచి విల్లు పట్టినవాణ్ణి మగవాళ్ళ తలుపుకి, కుండ ఎత్తుకున్నదాన్ని ఆడవాళ్ళ తలుపుకి అంటించారు. ఆ పెద్దలు వచ్చుంటే ఎటు వెళ్ళేవారో!

చివరి రౌండులో నాకో అవకాశం వచ్చింది. స్నూకర్ ఎక్కడ పుట్టింది? పక్కబల్ల ఇంగ్లండ్ అంది. క్విజ్ మాస్టరు కరెక్ట్ అన్నాడు. నేను లేచాను. "కాదు బాబూ, జబల్పూరు. 1875. వానాకాలం బయటికి పోలేక దొరలు మెస్సులో బిలియర్డు బల్ల మీద కనిపెట్టిన ఆట. నియమాలు ఊటీ క్లబ్బులో రాసుకున్నారు. పైగా జబల్పూరంటే గోండుల గఢా రాజ్యం, రాణి దుర్గావతి నేల. మీ రెండు సబ్జెక్టులూ కలిసేది అక్కడే." ఆ రాత్రంతటిలోనూ తలా తోకా ఉన్న ప్రశ్న అదొక్కటే, దానికీ జవాబు తప్పే.

అతను ట్యాబ్ చూసుకున్నాడు. "సర్, ఇందులో ఇంగ్లండ్ అనే ఉంది." కాసేపు మేనేజరుతో గుసగుసలాడి వచ్చి, వివాదం కాబట్టి డార్ట్ వెయ్యండి అన్నాడు.

వేశాను. చేతికొచ్చిన కోపంతో వేశాను. అది బోర్డుకి జానెడు పక్కన, గోడ మీద వరుసగా చేతులు పట్టుకుని ఆడుతున్న సవర బొమ్మల్లో మూడోదాని పొట్టలో దిగింది. పీకితే బొమ్మ చినిగింది. రంగు కాదది, ప్లాస్టిక్ స్టిక్కరు.

బిల్లులో ఇప్పకాక్‌టెయిల్ కింద ఇంకో వరస కనిపించింది: "గోడ డిజైన్, ఒక అడుగు." స్టిక్కర్లు చదరపుటడుగు లెక్కన అమ్ముతారట. మా మేనల్లుడు బేరమాడి అరడుగుకి దింపించాడు.