తలకిందుల ఐదు

మా నాన్న ఎయిర్‌ఫోర్సులో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్. సర్వీసులో ఎక్కువ కాలం దుండిగల్‌లో, కిరణ్ విమానాల దగ్గరే గడిచింది. అలాంటి మనిషికి నేను విమానాల గురించి పాఠం చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

నేను లాస్‌వేగాస్‌లో ఉద్యోగం చేసేవాణ్ని. ఊరి పక్కనే నెల్లిస్ స్థావరం. అమెరికా వైమానిక దళపు విన్యాసాల జట్టు థండర్‌బర్డ్స్‌కు 1956 నుంచీ అదే ఇల్లు. ఆరు ఎఫ్-16లు, వాటి మీద 1 నుంచి 6 దాకా అంకెలు. మొదటి నాలుగూ రెక్కకు రెక్క ఆనించినట్టు వజ్రం ఆకారంలో వెళ్తాయి. 5, 6 మాత్రం విడిగా, ఎదురెదురుగా దూసుకొస్తాయి.

మొదటి ఏడాది ప్రదర్శన చూడబోయినప్పుడు ఐదో విమానం మీద అంకె తలకిందులుగా ఉంది. పెయింటు వేసినవాళ్ల పొరపాటని మా అబ్బాయికీ, పక్కన నిలబడ్డవాళ్లకూ గట్టిగా చెప్పాను. అరగంటకు అదే విమానం వెల్లకిలా తిరిగి మా ముందు నుంచి పోయింది. ఇంటికొచ్చి ఫొటో పెద్దది చేసి చూస్తే, చక్కగా నిలబడ్డ 5. ప్రదర్శనలో చాలాసేపు వెల్లకిలానే ఎగురుతుంది కాబట్టి దానికి అంకె అలా వేస్తారు. పైలట్ దుస్తుల మీద కూడా అంతే.

అది చిన్న తప్పు. దిద్దుకున్నాను. కానీ ఆ ఐదు మీద మోజు పట్టుకుంది. మూడేళ్లు వరసగా వెళ్లి దాన్నే ఫొటోలు తీశాను. ఒకే విమానం కథను ఏడాది వెంట ఏడాది కూరుస్తున్నాననే నమ్మకం. పెద్ద ఆల్బమ్ అయింది.

నాన్న వచ్చినప్పుడు ఒళ్లో పెట్టాను. ఈ అంకెల పద్ధతి ఇలా ఉంటుందని వివరించాను కూడా. ఆయన మధ్యలో ఆపకుండా చివరి పేజీ దాకా చూశాడు.

“సీరియల్ నంబర్లు రాసుకున్నావా చిన్నా?”

“అవెందుకు నాన్నా? నంబరు కనబడుతోందిగా.”

“ఇది పైలట్ స్థానానిది రా. విమానం మరమ్మతుకెళ్తే ఇంకోదాని మీద ఇదే అంకె వేస్తారు. విమానం పేరు ఆ సీరియలే.”

అమెరికా సీరియళ్లలో మొదటి రెండంకెలు ఆ విమానం ఏ ఆర్థిక సంవత్సరపు ఆర్డరులోదో చెబుతాయి. అది నేను చదివిందే. అయినా ఒక్కసారి కూడా కెమెరాను ఆ చిన్న అక్షరాల మీదికి తిప్పలేదు. నా మూడేళ్ల ఐదు ఒక విమానమో, మూడో, ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు లేరు.

కిరణ్‌ల సీరియళ్లు యు అక్షరంతో మొదలవుతాయి. చిన్నప్పుడు అన్నం దగ్గర కూర్చుని నాన్న వాటిని వరసగా చెప్పేవాడు. దేనికి ఏ గొట్టం కారిందో, ఏది మొండికేసి వారం రోజులు హ్యాంగర్‌లో కూర్చుందో. నేను వినేవాణ్ని కాదు, కంచంలోకి చూస్తూ లేచిపోయేవాణ్ని. వాటిలో ఒక్క నంబరు కూడా ఇవాళ నాకు గుర్తులేదు.

నాన్న కళ్లజోడు తుడుచుకుని, ఆల్బమ్ మళ్లీ మొదటి పేజీ నుంచి తెరిచాడు. ఎక్కడైనా ఒక ఫొటోలో సీరియల్ పడి ఉంటుందేమోనని, ఒక్కో బొమ్మా దీపం దగ్గరకు జరుపుకుని చూస్తూ కూర్చున్నాడు.