గొట్టం కూడా పీకించండి

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత ఇల్లు కొంటే బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే నూనె పీపా కూడా చాలాసార్లు కట్నంగా వస్తుంది. మాది మాసచూసెట్స్. మాకొచ్చింది 275 గ్యాలన్ల పీపా. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు, చలికాలమంతా మా ప్రాణం ఆ పీపా నెత్తిన తేలుతూ నూనె మట్టం చూపే ఎర్ర బిరడాలో ఉండేది. బిరడా పావు దగ్గరికి దిగితే చాలు, మా ఆవిడ థర్మోస్టాట్ కూడా దించేసేది. 2022లో గ్యాలన్ అయిదు డాలర్లు దాటాక ఇంట్లోనే మంకీ టోపీలు పెట్టుకుని అన్నాలు తిన్నాం.

లారీవాడు వచ్చి గోడకున్న గొట్టానికి పైపు బిగించి నూనె కొడుతుంటే, పీపాలో గాలి బయటికి పోతూ ఈల వేస్తుంది. ఈల ఆగితే పీపా నిండినట్టు. ఎంతసేపు వేస్తే అంత బిల్లు. అంత ఖరీదైన సంగీతం నేనెక్కడా వినలేదు.

వీధిలో గ్యాస్ లైనుంది కదా, మారిపోదామన్నాను. అప్పుడు మా మావగారు ఇక్కడే ఉన్నారు. ఆయనది కోనసీమ. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండితే, ఆ మంట కళ్లారా చూసిన మనిషి.

"గ్యాసాండీ అల్లుడుగారూ! కోరి కొంపలోకి తెచ్చుకుంటారా? ఆ సెగేంటో మా కొబ్బరిచెట్లనడగండి, చెబుతాయ్."

గ్యాసుకి అసలు వాసనుండదు, లీకైతే తెలియాలని కంపెనీవాళ్లే కుళ్లు కంపు కలుపుతారు, భయం లేదన్నాను.

"ఆయ్. కంపు కూడా డబ్బులిచ్చి కొనుక్కోవాలన్నమాట!"

ఆ తర్వాత, రోడ్డు తవ్వి ఇంటిదాకా గ్యాసు గొట్టం వేయడానికి పర్మిట్లు. ఇక్కడ చాలా ఊళ్లలో కొత్తగా తారు వేసిన రోడ్డుని కొన్నేళ్లదాకా తవ్వనివ్వరు. మన దగ్గర తారు వేసిన మర్నాడే తవ్వుతారు, అది వేరే శాస్త్రం. మా రోడ్డు అప్పటికే గుంతలమయం కాబట్టి బతికిపోయాం. ప్లంబరు ఇంకో మెలిక పెట్టాడు. గ్యాసు పొగలో నీటి ఆవిరెక్కువ, పాత చిమ్నీలో అది చల్లారి నీరై ఇటుకల్ని తినేస్తుందట. చిమ్నీకి లోపల స్టీలు తొడుగైనా వేయించాలి, లేదంటే పొదుపు బాయిలరు కొని గోడకి కన్నం పెట్టి ప్లాస్టిక్ గొట్టంలోంచి పొగ వదలాలి. కన్నానికే ఒప్పుకున్నాం. అది ఈశాన్యం మూలన పడిందని మావగారు ఒక పూట మాట్లాడలేదు. మొదటి గ్యాసు బిల్లొచ్చాక మాత్రం, గ్యాలన్ నూనె దాదాపు 1.4 థెర్ముల గ్యాసుకు సమానమని నన్నడిగి తెలుసుకుని, క్యాలెండరు వెనక లెక్క కట్టి వాస్తు సంగతి మళ్లీ ఎత్తలేదు.

మీరూ మారుతుంటే ఒక్క మాట. పీపా తీయించిన రోజే గోడకున్న గొట్టం కూడా పీకించి సిమెంటు పెట్టించండి. గొట్టం ఉండిపోతే, ఇంటి నంబరు పొరబడిన లారీవాడు పీపా లేని బేస్‌మెంట్‌లో వందల గ్యాలన్లు కుమ్మరించి పోతాడు. ఈ దేశంలో నిజంగా అలా మునిగిన ఇళ్లున్నాయి. నూనె కంపెనీకి ఫోన్ చేసి ఆటోమేటిక్ డెలివరీ రద్దు చేయించండి. రద్దయినట్టు కాయితం రాయించుకుని దాచుకోండి.