చలానా సంజీవని

కోలాచల మల్లినాథ సూరిది మెదక్ సీమ. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన ఆ మహానుభావుడు మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే మాటిచ్చుకున్నాడు. ఆ పొరుగునే ఉన్న హైదరాబాదులో ఇప్పుడు నిత్యం వెలువడే వాఙ్మయానికి మాత్రం వ్యాఖ్యాత లేడు. కెమెరా నెంబర్ ప్లేటు చదువుతుంది, ఫోను కుయ్యిమంటుంది, శాసనం దిగుతుంది.

మూలం: మీ వాహనము నిబంధన అతిక్రమించినది. ఛాయాచిత్రము జతపరచడమైనది. జరిమానా చెల్లించవలెను.

ఏ ఊరి ఈ-చలానా అయినా సారం ఈ మూడు వాక్యాలే.

టీక: జరిమానా, స్పష్టము. చెల్లించవలెను, మరింత స్పష్టము. పాత వ్యాఖ్యాతలు చిక్కున్న చోటే స్పష్టమని దాటేస్తారని విద్యార్థులు గొణుగుతారు. ఇక్కడ ఆ నింద రాదు. చిక్కంతా ఆ వాహనం ఎవరిదన్న దగ్గరే.

పాఠాంతర విచారం: తెలంగాణ బండ్లకు 2014 నుంచి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ, 2014కు ముందువి ఏపీ. మూడు శాఖల ప్రతులూ ఒకే సిగ్నల్ దగ్గర హారన్లు కొట్టుకుంటూ నిలబడతాయి. ఒకటితో, సున్నాతో తికమక రాకుండా సిరీస్ అక్షరాల్లో ఐ, ఓలను సాధారణంగా వాడరు. బీకి ఎనిమిదితో, డీకి సున్నాతో ఉన్న చుట్టరికాన్ని మాత్రం ఎవరూ తెంచలేదు. మూడంకెకు ఎడమ పక్కన ఇంత బురద అంటితే చాలు, ఎనిమిది సిద్ధం.

రోగం కొత్తదేమీ కాదు. తాటాకు మీద గంటంతో రాసే లేఖకుడు పకు వ, థకు ధ గీసేవాడు. అయితే ఆయనకు సిగ్గుండేది. మాతృకలో ఉన్నదే దించాననీ, దోషాలుంటే పెద్దలు దిద్దుకోవాలనీ గ్రంథం చివర వేడుకొనేవాడు. దిద్దే పెద్దలూ ఉండేవారు. కడప బంగళాలో సి.పి. బ్రౌన్ పండితులను జీతానికి పెట్టి చేయించింది ఆ పనే: ఒక్కో కావ్యానికి నానా ఊళ్ల ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి సరిచూడటం, తేడాలు గుర్తించి సాఫు ప్రతి రాయించడం. 1829లో ఆయన వేమన పద్యాలు అచ్చుకెక్కింది ఆ దారినే. పైగా పండితుడికి ఛందస్సు తోడు. ఆటవెలదిలో గణం తప్పినా యతి చెడినా, అర్థం ఎంత బాగా కుదిరినా సరే, ఆయన కనుబొమ లేచేది.

నెంబర్ ప్లేటుకు యతి లేదు. తప్పు చదివినా అదీ నెంబరే. దానికీ ఎక్కడో ఒక యజమాని ఉంటాడు.

ఉదాహరణకు, 2021లో ఇంగ్లండులోని బాత్ నగరం. బస్సులకే కేటాయించిన దారిలో నడిచిపోతున్న ఒకావిడ టీషర్టు మీద నిట్టర్ (KNITTER) అని ఉంది, అల్లికలు అల్లేవారని అర్థం. సంచి పట్టీ అడ్డుపడి కెమెరాకు అది కేఎన్19టీఈఆర్ (KN19TER) అయింది. ఎక్కడో సర్రేలో ఉన్న ఆ నెంబరు కారు యజమానికి 90 పౌండ్ల నోటీసు వెళ్లింది. జతపరిచిన ఛాయాచిత్రంలో కారే లేదు. ఆయన ఫోన్ చేశాక రద్దు చేశారు.

2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగినదానికి నవ్వు రాదు. కెమెరా 3ను 7గా చదివింది. అలా చదివిన నెంబరు దొంగతనానికి గురైన బండిది. దొరకాల్సింది బూడిద రంగు ట్రక్కు, దొరికింది ముదురెరుపు లెక్సస్ కారు. ప్లేటు కళ్లెదుటే ఉన్నా పోలీసులు ఒక్కసారి సరిచూడలేదు. తుపాకులు గురిపెట్టి, నలభై ఏడేళ్ల మహిళను మోకాళ్ల మీద కూర్చోబెట్టి బేడీలు వేశారు.

పూర్వపక్షం: కెమెరా లేకపోతే హెల్మెట్ ఎవడు పెట్టుకుంటాడు? నిజమే. కానీ ప్లేటు వంచేవాడు, మాస్కు తగిలించేవాడు, చివరికి ఇంకొకరి నెంబరే అతికించుకునేవాడు కెమెరాకు చిక్కడు. ఆ చివరి రకం ప్రక్షిప్తం; యంత్రం సరిగ్గానే చదువుతుంది, పాఠమే దొంగది. సిద్దిపేటలో చెట్టు కింద నిలిపిన కారుకు రాజధాని నుంచి హెల్మెట్ లేదని చలానా వస్తే, బ్రౌన్ ఊరూరా వెతికించిన రెండో ప్రతి ఇక్కడ చేతిలోనే ఉంది: రిజిస్ట్రేషన్ రికార్డులో బండి రకమూ రంగూ రాసే ఉంటాయి. అది తెరిచి ఫొటో పక్కన పెట్టకుండా శాసనం పంపిన చోట, దరఖాస్తు పట్టుకుని తిరిగే పరిష్కర్త యజమానే. 2021లో వచ్చిన 167ఎ నియమం కెమెరా ఉన్న చోట హెచ్చరిక బోర్డు పెట్టాలంది, నోటీసు 15 రోజుల్లో పంపాలంది. పంపేముందు ఒక మనిషి ఫొటోను రికార్డుతో నిజంగా సరిచూస్తే ఈ టీకకు పని ఉండేది కాదు.

ఫలశ్రుతి: 2023 డిసెంబరులో తెలంగాణ పాత చలానాల మీద రాయితీ ప్రకటించింది. ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం. వచ్చిన రోజే కట్టినవాడికి ఏ పుణ్యమూ దక్కలేదు. తన నెంబరు ఇంకొకరు అతికించుకున్న స్కూటరు యజమానికి, ఒక పూట కూలి వదులుకుని తిరగలేక, చేయని తప్పుకు నూటికి ఇరవై చొప్పున కట్టి రసీదు దాచుకునే వెసులుబాటు దక్కింది.