భుజం పుస్తకం, పదిహేను పైసల కార్డు

మొన్న మా పాత పీజీ విద్యార్థి ఒకడు ఇంటికొచ్చాడు. ఇప్పుడు భుజం తప్ప ఇంకేదీ ముట్టుకోడట. మా రోజుల్లో ఎముకల డాక్టరంటే మెడ నుంచి మడమ దాకా చూసేవాడు. రేపు కుడి భుజానికొకడు, ఎడమ భుజానికొకడు వచ్చినా నేను ఆశ్చర్యపోను. "కష్టమైన భుజం కేసుల మీద కొత్త పుస్తకం సార్, ఎలా ఉందో చెప్పండి" అని బల్ల మీద పెట్టాడు. తిరగలి రాయంత బరువు. ఎత్తబోతే నా భుజమే జారేలా ఉంది.

నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, పేజీ పేజీకీ ఓ నల్లగళ్ల ముద్ర. దానికి ఫోన్ చూపిస్తే ఆపరేషన్ వీడియో వస్తుందట! మాకు డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఒక్క క్యాంప్‌బెల్ ఎముకల పుస్తకాల సెట్టు. అదీ ప్రొఫెసర్‌గారి బీరువాలో.

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటా. భుజం కీలు చుట్టూ ఉండే రొటేటర్ కఫ్ పూర్తిగా చిరిగి, కీలు అరిగిన ముసలివాళ్లకి మేం ఇచ్చింది నొప్పి బిళ్లలు, ఓదార్పు. 1985లో ఫ్రాన్సులో గ్రామాంట్ అనే ఆయన గిన్నె ఉండేచోట బంతి, బంతి ఉండేచోట గిన్నె బిగించాడు. ఇక కఫ్ లేకపోయినా డెల్టాయిడ్ కండరమే చెయ్యెత్తుతుంది. ఆ ఆపరేషన్ మీద అధ్యాయం ఇందులో చక్కగా రాశారు.

కానీ ఏ భుజం పుస్తకమైనా నేను ముందు తీసేది వెనక్కి జారిన కీలు పేజీ. 1983లో ఓ రాత్రి ఫిట్స్ వచ్చిన కుర్రాణ్ణి తెచ్చారు. ఎదురుగా తీసిన ఒక్క ఎక్స్‌రే చూసి, ఎముక విరగలేదని రాసి, చెయ్యి మెడకు కట్టి పంపేశాను. మూడు నెలలకి వాళ్లమ్మ వెంటబెట్టుకొచ్చింది. "గుళ్లో తీర్థానికి చెయ్యి పట్టలేకపోతున్నాడు బాబూ." చెయ్యి ముందుకు చాపితే అరచెయ్యి పైకి తిరగడం లేదు. పాత ఫిల్మ్ మళ్లీ వెలుతురుకి పెట్టాను. ఎముక తల గుండ్రంగా, కరెంటు బల్బులా కనిపిస్తోంది. చంకలోంచి ఇంకో ఫిల్మ్ తీయించి ఉంటే కీలు వెనక్కి జారిందని ఆ రాత్రే తెలిసేది.

ఆ చంక ఫిల్మ్ మాట ఇందులో ఉంది, లావు అక్షరాల్లో. సంతోషం. మరి రాసినవాళ్లకి ఇలాంటి కేసులు ఎన్ని తప్పిపోయాయో? ఆ లెక్క లేదు. 1934లో 'ద షోల్డర్' రాసిన బోస్టన్ డాక్టరు కాడ్మన్ అంతకు చాలాముందే తన సొంత ఆసుపత్రిలో 337 మంది రోగుల లెక్క తీసి, 123 పొరపాట్లని అచ్చేసుకున్నాడు. ఈ కొత్త పుస్తకం ఫొటోల్లో మాత్రం గ్రామసభలో తీర్మానం పెట్టినట్టు రోగులందరూ నవ్వుతూ చేతులెత్తారు.

"నీ కేసులు ఏడాది తర్వాత ఎలా ఉన్నాయిరా?" అన్నాను.

"ఫాలోఅప్‌కి రారు సార్."

రాకపోతే మేం పదిహేను పైసల పోస్టుకార్డు రాసేవాళ్లం. సగం మంది జవాబివ్వరు. ఇచ్చినవాళ్లు "చెయ్యి లేస్తోంది, మా అల్లుడికి ఉద్యోగం చూడండి" అని రాసేవాళ్లు. ఉద్యోగం సంగతి అలా ఉంచి, ఆపరేషన్ చేసిన చేత్తోనే రాశాడా అని నేను దస్తూరీ చూసేవాణ్ణి.