‘బట్టల సినిమా’ చూసిన పాపం

కొన్ని సినిమాలు చూశామని చెప్పుకుంటాం. కొన్ని చూశామని ఒప్పుకుంటాం. ఇరాన్ సినిమా మొదటి రకం. ఫ్యాషన్ లోకంలో నడిచే సరదా సినిమా రెండో రకం. ఒప్పుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు గొంతు సవరించుకోవాలి. “ఏదో ఆదివారం, తోచక” అనాలి. “మా ఆవిడ పెట్టింది, పక్కన కూర్చున్నా” అని సాక్ష్యం చూపించాలి. “బుర్ర పక్కన పెట్టి చూడాల్సిన సినిమా లెండి” అని ముగించాలి. ఈ మూడు మంత్రాలూ చదివితే, దాదాపు రెండు గంటలపాటు పగలబడి నవ్విన పాపం పోతుంది.

ఈ ప్రాయశ్చిత్తం ఎక్కువగా జరిగేది ‘ది డెవిల్ వేర్స్ ప్రాడా’ విషయంలో. 2006లో డేవిడ్ ఫ్రాంకెల్ తీసిన సినిమా ఇది. లారెన్ వైస్‌బర్గర్ 2003లో అచ్చు వేయించిన నవల దీనికి ఆధారం. ఆమె అంతకుముందు అమెరికన్ వోగ్ అప్పటి సంపాదకురాలు ఆనా వింటూర్ దగ్గర సహాయకురాలిగా పనిచేసింది కాబట్టి, నవల్లోని రాక్షసి ఎవరబ్బా అని పాఠకులు పెద్దగా శ్రమపడలేదు. తెర మీద ఆ రాక్షసి పేరు మిరండా ప్రీస్ట్‌లీ, ‘రన్‌వే’ అనే ఫ్యాషన్ పత్రికకు ఏలిక, వేసింది మెరిల్ స్ట్రీప్. పత్రికా రచయిత్రి కావాలని న్యూయార్క్‌లో ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి ఆమె దగ్గర రెండో సహాయకురాలిగా చిక్కుకున్న పిల్ల ఆండీ, అంటే ఆన్ హాథవే. మేడమ్ పొద్దున్నే బల్ల మీదికి విసిరిన కోటూ బ్యాగూ తీసి సర్దాలి. కాఫీ చల్లారకుండా పరిగెత్తాలి. తుఫానులో మయామి నుంచి విమానం ఎగిరేలా చూడాలి. ఇంకా అచ్చుకాని హ్యారీ పాటర్ నవలను మేడమ్ గారి కవల కూతుళ్ల చేతిలో పెట్టాలి. ఇదీ ఉద్యోగం.

“ఇందులో ఏముందండీ, బట్టలు తప్ప?” అంటారు పెద్దలు. మంచి ప్రశ్నే. అయితే 2006 జూన్ 30న ఈ సినిమా అమెరికాలో విడుదలైనప్పుడు, అదే వారం పోటీకి దిగిన పెద్దమనిషి ఎవరో కూడా చూడాలి. ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’. 20 కోట్ల డాలర్లకు పైగా పోసి తీసిన సినిమా. అందులో కండలు తిరిగిన మగవాడు ఒకడు ఒంటికి అతుక్కున్న నీలం దుస్తుల మీద ఎర్ర చెడ్డీ బిగించి, వీపుకు దుప్పటంత గుడ్డ కట్టుకుని ఆకాశంలో తిరుగుతాడు. దాన్ని ఎవరూ బట్టల సినిమా అనలేదు. ఎర్ర చెడ్డీ ముదురు రంగా, లేత రంగా అని కొట్టుకున్న భక్తులను కూడా ఎవరూ తేలికమనుషులని వెక్కిరించలేదు. ప్రాడా సినిమా మాత్రం మూడున్నర కోట్ల డాలర్లతో తయారై, ప్రపంచమంతా తిరిగి 32 కోట్లకు పైగా పట్టుకొచ్చినా, “ఆడవాళ్ల సినిమా” అన్న చీటీ వీపు నుంచి ఊడలేదు.

ఇంటి సంగతీ చూద్దాం. మన హీరోగారి ప్రవేశం ఎలా ఉంటుంది? ముందు బూటు. తరవాత వాచీ. తరవాత నల్ల కళ్లద్దాలు. ఆ మూడూ పూర్తయ్యాకే ముఖం. పల్లవికి ఒక చొక్కా, చరణానికి రెండు. ఫస్ట్ లుక్ వచ్చిన నాడు మీసం మెలికా, లుంగీ గళ్లూ ఊరంతా చర్చిస్తుంది. వారం తిరక్కుండా ఆ చొక్కా సంతలో వేలాడుతుంది. అప్పుడు మాత్రం దాని పేరు మాస్. అదే పని ఒక ఆడమనిషి ఆఫీసులో కూర్చుని, జీతం తీసుకుని, శ్రద్ధగా చేస్తే దాని పేరు సోకు. ఇంత లెక్క తేలాక ఇక సౌందర్య శాస్త్రంతో పనేముంది?

తిట్టేవాళ్లను ఓర్చుకోవచ్చు. ఉద్ధరించేవాళ్లతోనే అసలు ఇబ్బంది. వీళ్లు నవ్వుతారు, నవ్వాక కంగారుపడతారు, ఆ కంగారులో సినిమాకు సందేశం అతికిస్తారు. ఆఫీసు శిక్షణ తరగతుల్లో మిరండా నేర్పే నాయకత్వ పాఠాలంటారు. హోదా కోసం ఆత్మను అమ్ముకోరాదన్నదే సారాంశమని మరొకాయన తేలుస్తాడు. పెసరట్టు తింటూ అల్లం పచ్చట్లో ఉపనిషత్తు వెతకడం అంటే ఇదే.

పోనీ ఆ నీతి నిలుస్తుందా? ఆండీ పారిస్‌లో ఫోను ఫౌంటెన్‌లో పడేసి, రాక్షసికి దణ్ణం పెట్టి వెళ్లిపోతుంది. బాగుంది. తరవాత ఆమెకు పత్రికలో కొలువు ఎలా వచ్చింది? ఆ రాక్షసి పంపిన సిఫారసుతోనే. తన దగ్గర పనిచేసిన వాళ్లందరిలోకీ ఈ పిల్లే తనను ఎక్కువ నిరాశపరిచిందనీ, అయినా తీసుకోకపోతే మీరే బుద్ధిహీనులనీ రాసి పంపుతుంది మిరండా. ఇక ఆండీ ప్రియుడు నేట్ ఉన్నాడు. తన పుట్టినరోజు నాడు పిల్ల ఇంటికి వేళకు రాలేదని మూతి ముడిచిన ధర్మమూర్తి. చివరికి అతనికి బోస్టన్‌లో మంచి వంటవాడి ఉద్యోగం దొరగ్గానే పెట్టె సర్దుకుంటాడు. అతను ఆత్మను ఎంతకు అమ్మాడని ఒక్క నీతికోవిదుడూ అడగడు. కాబట్టి ఈ సినిమాలో నీతి వెతకడం దండగ. దొరికినా అది మీరు అనుకున్న నీతి కాదు.

దొరికేది పనితనం. కర్కశమైన యజమాని అనగానే మామూలు నటులు అరుస్తారు. స్ట్రీప్ గొంతు తగ్గించింది. చుట్టూ ఉన్నవాళ్లు ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి వినాల్సినంత తగ్గించింది. ఆ ఎత్తుగడ క్లింట్ ఈస్ట్‌వుడ్ నుంచి పట్టుకున్నానని ఆమే చెప్పింది. తుపాకీ వీరుడి గొంతును ఫ్యాషన్ సంపాదకురాలికి పెట్టడం ఎంత చమత్కారమో, బుర్ర పక్కన పెట్టి చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆ పాత్రకు ఆమెకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, ఆస్కార్ నామినేషన్ వచ్చింది. దుస్తులు కూర్చిన ప్యాట్రీషియా ఫీల్డ్‌కూ ఆస్కార్ నామినేషన్ దక్కింది. ఆవిడ చేతికిచ్చిన సొమ్ము సుమారు లక్ష డాలర్లు. తెర మీద కనిపించిన సరుకు విలువ సుమారు 10 లక్షలు. మిగతాదంతా అరువు. వింటూర్‌కు కోపం వస్తుందేమోనని తెర మీద కనబడటానికి డిజైనర్లు జంకుతుంటే, వాలెంటీనో మాత్రం ధైర్యంగా వచ్చి తన పాత్ర తనే వేసుకున్నాడు. ఆ వింటూర్ ఏం చేసింది? న్యూయార్క్‌లో ముందస్తు ప్రదర్శనకు ప్రాడా దుస్తులే వేసుకుని వచ్చి కూర్చుంది. వేళాకోళానికి గురైన మనిషి పాటి హాస్యప్రియత్వం మన విమర్శకులకు లేకపోయింది.

మేధావులకు ఈ జాతి సినిమాలంటే కంటగింపు ఎందుకో పాత ‘ఫన్నీ ఫేస్’ చూస్తే కొంత అర్థమవుతుంది. 1957 నాటిది. ఆడ్రీ హెప్‌బర్న్ అందులో పుస్తకాల కొట్టులో పనిచేసే తత్వశాస్త్ర పిచ్చి అమ్మాయి. ఫ్యాషన్ అంటే అసహ్యం. అయినా పారిస్‌లో ఉన్న తన తత్వవేత్తను చూడొచ్చని మోడల్‌గా వెళ్లడానికి ఒప్పుకుంటుంది. తీరా దర్శనం అయ్యాక, ఆ మహానుభావుడి ఆసక్తి తన తత్వచింతన మీద కాదని తెలుస్తుంది. ఫ్యాషన్ వాళ్లను ఎంత ఎగతాళి చేశారో, గడ్డం నిమిరేవాళ్లనూ అంతే ఎగతాళి చేశారు. అది క్షమించరాని నేరం.

ప్రభుత్వాలు ఇంకాస్త తెలివైనవి. 2001లో బెన్ స్టిల్లర్ తీసిన ‘జూలాండర్’లో ఒక మట్టిబుర్ర మగ మోడల్‌ను మలేషియా ప్రధాని హత్యకు తయారుచేస్తారు. బాలకార్మికులతో చౌకగా కుట్టించుకునే ఫ్యాషన్ పెద్దలకు ఆ ప్రధాని అడ్డు. మలేషియా ఆ సినిమాను ఆడనివ్వలేదు. బుర్ర పక్కన పెట్టి చూడాల్సిన సినిమాను చూసి ఒక సర్కారు బుర్ర పట్టుకుంది.

ఇక అందరూ చెప్పుకునే నీలం రంగు సన్నివేశం. రెండు బెల్టులు ఒకేలా ఉన్నాయని ఆండీ కిసుక్కుమంటుంది. మిరండా ఆమె స్వెట్టర్ రంగు పేరు సెరూలియన్ అని చెప్పి, అది పెద్ద డిజైనర్ల ప్రదర్శనల నుంచి డిపార్ట్‌మెంట్ స్టోర్లకూ, అక్కణ్నుంచి తగ్గింపు ధరల బుట్టలోకీ ఎలా జారిందో, కోట్ల డాలర్ల వ్యాపారం దాని వెనక ఎలా నడిచిందో మెత్తగా వివరించి కూర్చోబెడుతుంది. ఫ్యాషన్‌తో నాకేం పని అనేవాడికి ఇంతకంటే మంచి మందు లేదు.

అయినా ఆ ఉపన్యాసం సగం నిజమే. బట్ట ఎప్పుడూ పైనుంచే కిందికి జారదు. లీవై స్ట్రాస్, జేకబ్ డేవిస్ 1873లో రివెట్ల ప్యాంటుకు పేటెంటు తీసుకున్నది కూలీల జేబులు చిరగకుండా. ఆ కూలీ ప్యాంటే తరవాత పారిస్ ర్యాంపు ఎక్కింది. అంటే మిరండాను ఓడించే వాదన ఉంది. అది మన పెద్దమనిషి తొడుక్కున్న జీన్స్‌లోనే ఉంది. కానీ దాన్ని వాడాలంటే ముందు ఆమె మాట వినాలి. ఆయన అప్పటికే సినిమాను ఈసడించి లేచిపోయాడాయె.

తేలికగా కనిపించేది తేలికగా తయారు కాదు. ఏడిపించడానికి ఒక చావు చాలు. నవ్వించడానికి నటన, మాట, బట్ట, కోత అన్నీ లెక్క తప్పకుండా కలవాలి. అందుకే, ఈసారి ఎవరైనా ఏం చూశారని అడిగితే పేరు చెప్పండి. బాగా నవ్వుకున్నానని చెప్పండి. ఆదివారాన్నీ, మీ ఆవిణ్నీ మధ్యలోకి లాగకండి. ముఖ్యంగా బుర్రను పక్కన పెట్టానని మాత్రం అనకండి, అవతలివాళ్లు నమ్మే ప్రమాదం ఉంది.